పొట్లంతో తోడేసిన పెరుగు

మనిషి కడుపులో కంటికి కనబడని జీవులు లెక్కలేనన్ని కాపురం ఉంటాయని నేను మొదట విన్నది హనుమకొండలో, ఒక పిల్లల డాక్టరమ్మ గదిలో. ఆమె చెప్పింది నాకు కాదు, నా బిడ్డకు. నేను పక్క కుర్చీలో మనవరాలి చెప్పులు పట్టుకొని కూర్చున్నాను. బరువు తూచే మిషను ఎక్కడానికి పిల్ల చెప్పులు విప్పింది. ఎక్కి, కింద అంకెల వంక చూడకుండా గోడ మీది ఏనుగు బొమ్మను చూస్తూ నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల తన బరువు చూసుకోవడానికి సిగ్గుపడుతుందని నేను అనుకోలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రక్తపరీక్ష కాగితాలు చదివి, పిల్ల పొట్ట వేళ్లతో నొక్కి చూసి, మెల్లగా చెప్పింది.

"పాపకు షుగర్ అంచున ఉందమ్మా. ఇంకా రాలేదు, రావడానికి గుమ్మంల నిలబడ్డది. కాలేయానికి కూడ కొవ్వు పట్టింది. ఇప్పుడే గోలీలు రాయను. బతుకమ్మ పండుగ అయినంక మళ్ల పరీక్ష చేద్దాం. అప్పటికి కూడ గిట్లనే ఉంటే మాత్రం మొదలుపెట్టాల్సి వస్తది."

నా బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను రోజూ పొద్దున టిఫినుకు ముందు షుగరు గోలీ వేసుకునేదాన్నే. మా అమ్మ ఆ రోగంతోనే పోయింది. వచ్చే ఏడు ఈ పిల్ల కూడా నా పక్కన కూర్చొని, చేతిలో నీళ్లగ్లాసు పట్టుకొని, నాలాగే తల వెనక్కి వంచి గోలీ మింగుతుందా అన్న ఊహ వచ్చింది. వచ్చిన ఊహ ఆ వానాకాలమంతా పోలేదు.

మాది జనగామ. పుట్టిల్లు మానుకోట పక్క ఊరు. మానుకోటంటే మహబూబాబాద్, మా తరం వాళ్లకు ఇప్పటికీ ఆ పేరే నోటికి వస్తుంది. బిడ్డను భూపాలపల్లిలో ఇచ్చాం. అల్లుడిది బొగ్గుబాయి పని. వాళ్ల క్వార్టర్‌లో కిటికీ రెక్క తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ తుడవాలి. పిల్ల చంటిగా ఉన్నప్పుడు ఎప్పుడూ దగ్గు, ఎప్పుడూ జ్వరం. ఎప్పుడు పోయినా అలమారలో ఏదో ఒక యాంటీబయాటిక్ సీసా కనబడేది. దగ్గు తగ్గాక, చిక్కిపోయిందని మేమంతా పోటీ పడి తినిపించాం. నేను పోయిన ప్రతిసారీ సకినాలు, నెయ్యి, బెల్లం అరిసెలు మోసుకుపోయేదాన్ని. బుగ్గలు వచ్చాయని మురిసిపోయాం.

డాక్టరమ్మ ఆ సీసాల సంగతి అడిగింది. ఆ మందులు రోగం తెచ్చే జీవులతో పాటు కడుపులో ఉండాల్సిన మంచివాటిని కూడా ఊడ్చేస్తాయని, పసితనంలో అట్లా ఊడ్చుకుపోయిన కొందరు పిల్లలకు తరువాత ఒళ్లు తొందరగా వస్తుందని పెద్ద డాక్టర్లు అనుకుంటున్నారని చెప్పింది.

"అయితే నా తప్పేనా మేడం?" అంది నా బిడ్డ.

"నీ తప్పేముంది? అప్పుడు మందు ఇయ్యకపోతే పిల్ల బతకాల్నా వద్దా? అదొక్కటే కారణమని నేను చెప్పలే. తిండి ఉంది, ఆట లేదు, నిద్ర తక్కువ. అన్నీ కలుస్తయి."

పిల్లకు కడుపు ఉబ్బరం, విరేచనం సరిగా కాకపోవడం కూడా ఉండేవి. దానికి ఒక పొడి రాసింది. చిన్న చిన్న పొట్లాలు, రోజుకొకటి నీళ్లలో కలిపి తాగించాలి. మంచి జీవులను పొడి రూపంలో పంపిస్తున్నామంది.

జనగామలో నాకున్నది రెండు గదుల ఇల్లు, ఒక బర్రె. బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, ఆ వానాకాలం భూపాలపల్లిలోనే ఉండిపోయాను. బిడ్డ అంగన్‌వాడీలో పనిచేస్తుంది, పొద్దున పోతే సాయంత్రానికి వస్తుంది. పిల్ల తిండి, మందు నా చేతికి వచ్చాయి.

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. జనగామలో మా సంఘం ఆడవాళ్లకు సాయంత్రాలు ఒక టీచరమ్మ అక్షరాలు నేర్పింది. అప్పటి నుంచి కంటికి కనబడ్డ ప్రతిదీ చదవడం అలవాటైంది. బస్సు బోర్డు, గోడ మీది రాత, పప్పు చుట్టి ఇచ్చిన కాగితం, ఏదీ వదలను. కానీ నాది తెలుగు చదువు. మనవరాలిది ఇంగ్లీషు బడి, తెలుగు అక్షరాల దగ్గర తడబడుతుంది. ఇద్దరం కలిస్తేనే ఒక మనిషి చదువు.

మొదటిరోజు పొట్లం మీద ఏముందో పిల్లనే చదవమన్నాను.

"సంత్రపండు వాసన ఉంటదట అమ్మమ్మా. ఇంకా, గీ లోపలియి బతికున్నయట."

"పొడిలనా?"

"ఆఁ. పడుకున్నయేమో."

"పురుగులా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్ల పొట్లం కింద పడేసి ఏడుపు మొదలుపెట్టింది. నా కడుపుల పురుగులున్నయా, నేను తాగ, నన్ను ముట్టుకోకు అని తలుపు వెనక దాక్కుంది. ఆ రోజు ఆ పొడి ఎవరమూ తాగలేదు.

నేను కూర్చొని ఆలోచించాను. పొడిలో ఉన్నవి బతికున్నాయి. బతికున్నదాన్ని పాలల్లో వేస్తే పెరుగుతుంది. అది నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా ఇండ్లలో పెరుగు కొనరు. నిన్నటి పెరుగు ఇంత మిగిల్చి, గోరువెచ్చని పాలల్లో వేసి మూత పెడితే రేపటికి కొత్త పెరుగు. దాన్నే తోడు అంటాం. పెండ్లయి వచ్చిననాడు మా అత్త నా చేతికి ఇచ్చింది కూడా ఒక చిప్పలో తోడే. అది ఎన్నడైనా పాడైతే పక్కింట్లో అడుక్కొస్తాం, అది కూడా దీపాలు పెట్టకముందే. దీపం పెట్టాక తోడు ఇస్తే ఇంట్లో లక్ష్మి పోతుందని ఎవరూ ఇయ్యరు. ఇట్లా ఒక చిప్పెడు తోడు ఒక ఇంటిని బతికినన్నాళ్లు సాకుతుంది. మరి ఒక పొట్లం ఉండగా రోజుకొక పొట్లం ఎందుకు చింపాలి? పైగా పిల్ల పొడి అంటే ఏడుస్తుంది, పెరుగంటే ఏడవదు.

పాలు కాచి, వేలు పెట్టి చూసి, పొట్లం చింపి అందులో వేశాను. కలిపి, మూత పెట్టి, పైన తువ్వాల కప్పాను. మిగిలిన పొట్లాలన్నీ బియ్యం డబ్బా వెనక దాచాను.

మరునాడు పొద్దున అది తోడుకుంది. కానీ పెరుగులాగా గడ్డకట్టలేదు. గరిటెతో ఎత్తితే జిగటగా తీగలు సాగింది. సంత్ర వాసన. కొత్త తోడు కదా, రెండు మూడు తరాలకు కుదురుకుంటుందిలే అనుకున్నాను. దాన్నే తీసి మరునాటి పాలల్లో వేశాను. ఆ పై వారానికి వాసన పోయింది, కొంచెం గట్టిపడింది కూడా. నాకు ఎంత గర్వమో! బిడ్డ సాయంత్రం వచ్చి "పొడి తాగిందా?" అంటే "కడుపునిండ పోయింది" అనేదాన్ని. అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు.

పక్క క్వార్టర్‌లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది. వాళ్లాయనది కూడా బాయి పనే. నన్ను అక్కా అంటుంది, రోజూ కూరగిన్నె పట్టుకొని వస్తుంది. ఒకరోజు పెరుగు రుచి చూసి ముఖం అదోలా పెట్టింది.

"ఏందక్కా గిది? ఇంత జిగట?"

"మందు పెరుగు. పిల్లకు."

"మందు పెరుగా! యా అల్లా, గిదేం బలా తెచ్చినవే? నేనింత తోడిస్త, మంచిగ గడ్డకట్టిన పెరుగు తినిపియ్యి. ఎప్పుడన్న రా, మాకు దీపాల పట్టింపు సుత లేదు."

"వద్దు చెల్లె, నాది డాక్టరు తోడు. నీది కలిస్తే ఖరాబయితది."

"ఓహో, డాక్టరు తోడు! మాదేమో గరీబు తోడు" అని నవ్వుకుంటూ పోయింది. ఆ పెరుగును ఆమె పిల్లలు కూడా చాలా రోజులు డాక్టరు పెరుగు అని వెక్కిరించారు.

ఇంత మంచి మందు దొరికాక దాన్ని పిల్ల కడుపులోకి పంపడం ఒక్కటే పని అనుకున్నాను. మూడు పూటలా పెరుగన్నం. వట్టి పెరుగు తినదు కాబట్టి మెత్తగా పిసికిన అన్నం కింద, పెరుగు పైన. పులుపు అన్నప్పుడు చక్కెర. నంజుకోవడానికి ఆలుగడ్డ వేపుడు. "ఇంకో ముద్ద బిడ్డా, మందు" అనేదాన్ని. పిల్ల పాపం మందే కదా అని తినేది.

కొన్ని వారాల తరువాత చూపించుకోవడానికి మళ్లీ హనుమకొండ పోయాం. పిల్ల మిషను ఎక్కింది. డాక్టరమ్మ అంకె చూసి కాగితం మీద రాసుకుంది. నా బిడ్డ చూసి "అయ్యో" అంది. బరువు పెరిగింది.

"పొట్లాలు అయిపోయినయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎక్కడ అయిపోతయి మేడం, ఒక్కటే వాడిన" అన్నాను నేను. "మిగిలినయి భద్రంగ ఉన్నయి."

నా బిడ్డ నా వైపు తిరిగింది. "ఒక్కటేనా? రోజు ఇస్తున్న అన్నవు గదనే!"

"రోజు ఇస్తున్న. తోడేసిన గద."

డాక్టరమ్మ "తోడా?" అంది. మొత్తం చెప్పాను. పాలు ఎంత వెచ్చగా పెట్టిందీ, తీగలు సాగిందీ, వాసన పోయిందీ, ఇప్పుడు ఎంత బాగా కుదురుకుందీ అన్నీ చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి, రెండు చేతులతో ముఖం మూసుకొని నవ్వింది. నర్సు కూడా నవ్వింది. నాకు ఎందుకో తెలియకపోయినా నవ్వు వచ్చింది. నా బిడ్డ ఒక్కతే నవ్వలేదు.

"పెద్దమ్మా, నవ్విన, ఏమనుకోకు" అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకొని. "నీ ఆలోచనల తప్పు లేదు. బతికున్నది పెరుగుతది, నిజమే. కానీ పాలను తోడుపెట్టేటియి వేరు, ఈ పొట్లంల ఉన్నయి వేరు. ఇవి పాలల్ల బతికినయో, సచ్చినయో, వాటి పేరు మీద ఇంకేవి పెరిగినయో నీకు తెల్వదు, నాకు తెల్వదు. తీగలు సాగిన పెరుగు పారబొయ్యాలె. పిల్లకు ఏం కాలేదు, మన అదృష్టం."

"మరి పెరుగు మంచిది కాదా?"

"మంచిదే. రోజు ఒక గిన్నె తిననీ, చక్కెర లేకుంట. మామూలు ఇంటి తోడుతోనే. కానీ దానికింద ఉన్న అన్నం కుప్ప సంగతేంది?"

నేను తలవంచుకున్నాను. ఆమె ఊరుకోలేదు, గట్టిగా కూడా అనలేదు. పొడి కూడా కడుపు ఉబ్బరానికే ఇచ్చానని, దానితో బరువు తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దని, ఆ సంగతి మీద ఇంకా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయని చెప్పింది. తరువాత పిల్లను దగ్గరికి పిలిచి తన స్టూలు పక్కన నిలబెట్టుకుంది.

"నీ కడుపుల ఉన్నయి పురుగులు కాదురా. గంతకన్న చిన్నయి. నీ దోస్తులే. బయట నుంచి కొత్తోళ్లను పంపుడు ఒక ముచ్చట. లోపల ఉన్నోళ్లకు తిండి పెట్టుడు ఇంకో ముచ్చట. నువ్వు బిస్కట్ తింటే అది మధ్యలనే కరిగి నీకే అంటుకుంటది, వాళ్ల దాక పోదు. వాళ్లు కింది గల్లీల ఉంటరు. వాళ్ల దాక పోయేది ఏందో తెలుసా? పీచు. జొన్నరొట్టె, పప్పు, బెండకాయ, చిక్కుడుకాయ, తోటకూర, జామకాయ. గవి పోతేనే వాళ్లకు అన్నం."

పిల్ల తన పొట్ట వైపు చూసుకుంది. "ఇప్పుడు వాళ్లకు ఆకలైతుందా?"

"పొద్దున ఏం తిన్నవ్?"

"చక్కెరేసిన పెరుగన్నం."

"అయితే పస్తున్నరు పాపం."

బస్సులో నా బిడ్డ సగం దారి, పరకాల దాకా నాతో మాట్లాడలేదు. పరకాల దాటాక "ఇజ్జత్ తీసినవమ్మా" అంది. అని తనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి ఆఖరికి ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బతుకమ్మ పండుగ ఇంకా దూరముంది, అదొక్కటే ధైర్యం. ఇంట్లో అల్లుడు సంగతి విని "అత్తమ్మా, డెయిరీ పెడ్దామా?" అన్నాడు. డాక్టరు పెరుగు పారబోశాను. పక్కింటావిడ దగ్గర తోడు అడిగాను. అప్పటికి దీపాలు పెట్టే వేళ దాటింది. ఆమె ఏమీ అడగకుండా ఇచ్చింది. ఆ తోడుతోనే ఆ ఇంట్లో ఇప్పటికీ పెరుగవుతోంది.

మరునాటి నుంచి పిల్లకు ఒక ఆట దొరికింది. కంచంలో ఏది పడ్డా ఒకటే ప్రశ్న.

"గిది నాకా, కడుపులోళ్లకా?"

అన్నం నాకు. పప్పు సగం సగం. తోటకూర కడుపులోళ్లకు. నాన్న డ్యూటీ నుంచి వస్తూ తెచ్చే చాక్లెట్టు అచ్చంగా నాకే. ముందు కడుపులోళ్లకు పెట్టాకే నాకు అని ఒక రూలు పెట్టుకుంది. జొన్నరొట్టె మొదట నమిలి నమిలి ఉమ్మేసింది. నేను రొట్టెను చిన్నగా, పలుచగా, ఆమె అరచేయంత చేయడం మొదలుపెట్టాను. వేడివేడిగా పచ్చిపులుసులో ముంచి ఇస్తే దిగింది. జొన్నరొట్టె తట్టడం నాకు నిద్రలో కూడా వస్తుంది. ఆ చప్పుడు ఆ క్వార్టర్లలో ఎప్పుడూ వినబడలేదని పక్కింటావిడ పిల్లలు వచ్చి గుమ్మంలో నిలబడేవారు. పొడి కూడా ఈసారి రాసిన ప్రకారం నీళ్లలో కలిపి ఇచ్చాను, పొట్లాలు అయిపోయేదాకా. ఉబ్బరం తగ్గింది. పొద్దున బాత్రూంలో గంటసేపు కూర్చొని ఏడవడం పోయింది. నాకైతే అదే పెద్ద పండుగ.

అల్లుడితో కొంచెం కష్టమైంది. తెల్లారక ముందు బాయికి పోయి, నల్లటి ముఖంతో ఇంటికి వచ్చే మనిషి. పిల్ల ఎదురొచ్చి జేబులు వెతకడం ఆయన రోజులో మంచి ఘడియ. దాన్ని తీసేయమని ఎట్లా చెబుతాం? నేను చెప్పలేదు. పిల్లే చెప్పింది.

"నాన్నా, నువ్వు నాకు ఒక్కదానికే తెస్తున్నవు. వాళ్లకేం తెస్తలేవు."

"ఎవలకే?"

పొట్ట చూపించింది. ఆయన అప్పటికి నవ్వి ఊరుకున్నాడు. తరువాత రోజుల్లో జేబులో జామకాయ ఉండేది, చేతిలో కాల్చిన మక్కకంకి ఉండేది.

సాయంత్రాలు నేనూ పిల్లా నడిచేవాళ్లం. ఊరికే నడవమంటే నడవదు. అందుకని బోర్డులు చదివే పోటీ పెట్టాను. తెలుగు బోర్డులు నావి, ఇంగ్లీషు బోర్డులు తనవి. తరువాత అటువి ఇటు మార్చుకున్నాం. మొదట్లో మెయిన్ రోడ్డు దాకా పోయేసరికి ఆయాసపడి ఏదో ఒక కొట్టు అరుగు మీద కూర్చునేది. బడి పిల్లలు కొందరు సైకిళ్ల మీద పోతూ "ఓ రోడ్డు రోలర్!" అని అరిచేవారు. ఆ రోజు ఇంటికి పోదామనేది. ఇంకా కొన్ని బోర్డులు మిగిలాయి కదా అనేదాన్ని. ఒక్కోసారి వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు.

శ్రావణంలో మానుకోట పక్క మా పుట్టింట్లో పెండ్లి వచ్చింది. మా అన్న మనవడి పెండ్లి. బిడ్డకు సెలవు దొరకలేదు, పిల్లను నేను తీసుకుపోయాను. వరంగల్ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. మా వదిన పిల్లను చూడగానే బుగ్గలు పుణికింది.

"ఏం బియ్యం తింటున్నవే పిల్లా? గింత ముద్దుగైనవు! ఆగు, దిష్టి తీస్త."

పిల్ల నా వెనక్కి వచ్చింది. వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఒక్కో మాట అన్నారు. వాళ్లకు అది ముద్దే. మా ఊళ్లో ఒళ్లున్న పిల్ల అంటే తిండికి లోటు లేని ఇంటి పిల్ల. నేనూ నిన్నమొన్నటి దాకా అదే అనుకున్నదాన్ని కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను. పొద్దున వదిన, ముందురోజు పులియబెట్టిన నీళ్లలో కాచిన జొన్నగట్క మా ముందు పెట్టింది. పైన మజ్జిగ, పక్కన ఉల్లిగడ్డ.

పిల్ల వాసన చూసి అడిగింది. "అమ్మమ్మా, గిది నాకా, కడుపులోళ్లకా?"

"వాళ్లకే. పెద్ద దావతు" అన్నాను.

వదిన గరిటె పట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. "కడుపులోళ్లేందే? పిల్లకు గాలి గిట్ల సోకిందా ఏంది? నేను మొదాలే అన్న, దిష్టి తీస్తనని!"

ఎంత చెప్పినా వదిన నమ్మలేదు. పిల్ల మాత్రం గట్క తిని ఇంకొంచెం వెయ్యమంది.

ఆ మధ్యాహ్నం పందిట్లో భోజనాలప్పుడు పిల్ల కనబడలేదు. వంటల డేరా వెనక, పేర్చిన కుర్చీల చాటున కూర్చొని ఉంది. ఒళ్లో లడ్డూలు, మూతి నిండా పొడి. నన్ను చూసి మింగలేక ఆగిపోయింది. కోప్పడాలని పోయి, ఆ కళ్లు చూసి పక్కన కూర్చున్నాను.

"అందరు ముద్దుగున్నవు అంటుండ్రు. మరి బళ్లెనేమో..." అని ఆపేసింది. కాసేపటికి, "అమ్మమ్మా, నీ గోలీ చేదుంటదా?" అంది.

మొదటిసారి గదిలో గోలీల గురించి డాక్టరమ్మ అన్న మాట పిల్ల విన్నదని నాకు అప్పుడే తెలిసింది. ఏనుగు బొమ్మను చూస్తూ అన్నీ విన్నది. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరితోనూ అనకుండా, కడుపులోళ్లకు తిండి పెట్టుకుంటూ తిరిగింది.

"చేదేం ఉండదు బిడ్డా. చప్పగుంటది" అన్నాను. "వేసుకోవాల్సి వస్తే ఇద్దరం కలిసి వేసుకుందాం. నాకు తోడైతవు. రాకపోతే ఇంకా మంచిది."

"వస్తదా?"

"తెల్వది. ఒక్క లడ్డుకైతే రాదు."

పిల్ల ఒళ్లోవి లెక్క చూసుకొని, ఒకటి ఉంచుకొని మిగిలినవి నా కొంగులో వేసింది. నేను వాటిని పందిట్లోకి తీసుకుపోయి పంచేశాను. నేను తినలేదు, కానీ ఒకటి వాసన చూశాను. పెండ్లి లడ్డూ కదా.

ఆ తరువాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రొట్టె, పప్పు, కూర, ఒక గిన్నె పెరుగు, సాయంత్రం నడక. కొన్ని రోజులు బిస్కట్ కోసం ఏడుపులు. ఒకసారి వాళ్లమ్మ పర్సులోంచి చిల్లర తీసుకొని కుర్‌కురే కొనుక్కుంది. వాళ్లమ్మ అరిచింది, మరునాడు మళ్లీ రొట్టె తట్టాం. బతుకమ్మకు బడి ముందు గుట్ట పక్క నుంచి గునుగుపూలు ఏరుకొచ్చింది. ఆడవాళ్ల వరుసలో నిలబడి పాట అయిపోయేదాకా చుట్టూ తిరిగింది. నేనే ముందు అలసిపోయి కూర్చున్నాను.

పండుగ వెళ్లాక పొద్దున్నే పరగడుపున హనుమకొండ పోయి రక్తమిచ్చాం. కాగితం వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాం. నా బిడ్డ గోళ్లు కొరుకుతోంది. నేను గోడ మీద రాసినవన్నీ చదివేశాను. మళ్లీ చదివాను. లోపలికి పిలిచారు.

డాక్టరమ్మ కాగితం చూసింది. పాత కాగితం పక్కన పెట్టి మళ్లీ చూసింది. పిల్లను గోడకు ఆనించి పొడుగు కొలిచింది.

"బరువు అక్కడనే ఉంది" అంది. నా బిడ్డ ముఖం వాడిపోయింది. "ఆగమ్మా, పూర్తిగ విను. పాప పొడుగైంది. పొడుగు పెరిగి బరువు ఆగిందంటే, పిల్లలకు అది తగ్గినట్టే. షుగర్ మంచిగ కిందికి దిగింది. కాలేయం కూడ నయమనిపిస్తుంది, ఇంకా చూస్త ఉండాలె. గోలీలు వద్దు."

గోలీలు వద్దు. ఆ మాట నేను లోపల ఇంకోసారి అనుకున్నాను.

పిల్ల అడిగింది. "కడుపులోళ్లు మంచిగైండ్రా?"

"వాళ్లను నేను చూడలేదురా, చెప్పలేను. పరీక్షల వాళ్ల ముచ్చట రాదు. నువ్వు నడిచినందుకో, చక్కెర బంద్ చేసినందుకో, వాళ్లకు పెట్టినందుకో, ఏది ఎంత పని చేసిందో నాక్కూడ తెల్వది. ఇట్లనే పెడుతుండు. మూడు నెలలకు మళ్ల రా."

నాకు ఆమె అట్లా తెలియదని చెప్పడం నచ్చింది. పిల్లకు నచ్చలేదు. నాకు తెలుసు, వాళ్లే చేశారు అని మెట్లు దిగేదాకా వాదించింది.

బస్టాండులో పండుగ తిరుగు ప్రయాణం జనం. భూపాలపల్లి బస్సు ఇంకా ప్లాట్‌ఫాం మీదికి రాకముందే అందరూ దానివెంట పరుగెత్తారు. నా మోకాళ్లకు ఆ పరుగు ఎప్పుడో తీరిపోయింది. నా బిడ్డ సంచులు సర్దుకుంటోంది. మాకు సీటు దొరకదని, పరకాల దాకా నిలబడాలని అనుకుంటున్నాను.

అప్పటికే పిల్ల నా భుజం మీది తువ్వాల లాక్కొని పోయింది. జనంలోంచి దూరి, కదులుతున్న బస్సు పక్కన పరుగెత్తి, కిటికీలోంచి తువ్వాల లోపలికి విసిరింది. బస్సు ఆగగానే ఎట్లా ఎక్కిందో ఎక్కింది. మేము ఎక్కేసరికి ఆ సీట్లో కాళ్లు చాపుకొని కూర్చొని ఉంది. ముందు ఒక పెద్దావిడ నిలబడి గదమాయిస్తోంది.

"ఓ బొద్దు పిల్లా, జరుగు! ఒక్కదానివి సీటంత నిండినవు."

"జరుగ. మా అమ్మమ్మ వస్తుంది, మా అమ్మ వస్తుంది."

"నువ్వే ఇద్దరున్నట్టున్నవ్ గదనే!"

"ఇద్దరం కాదు, మస్తుమందిమి" అంది పిల్ల. అంటూనే నన్ను చూసి చెయ్యి ఊపింది. పరుగెత్తిన ఆయాసానికి ముఖం ఎర్రగా ఉంది, నవ్వుతోంది. పెద్దావిడకు ఏమీ అర్థం కాలేదు, కానీ ఆమెకు కూడా నవ్వొచ్చింది. మేమంతా సర్దుకుంటే ఆమెకు కూడా చివర ఇంత చోటు దొరికింది. పిల్ల నా ఒళ్లో కూర్చుంది. బరువుగానే ఉంది. పరకాల దాకా దించలేదు.